కిట్లు తర్వాత, ముందు అవ్వ వేళ్ళు చూడండి

ప్రశ్న: నేను అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. మా బడికి అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది, ఇన్‌ఛార్జిని నేనే. పిల్లలు కిట్లు విప్పి, యూట్యూబులో చూసి, గీత మీద నడిచే రోబో చేస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. మళ్ళీ విప్పి పెట్టెలో పెట్టేస్తారు. అందులో వాళ్ళు ఏం నేర్చుకున్నారంటే నాకు చెప్పడం రావడం లేదు. మా ఆడబిడ్డ కూతురు ఇంగ్లండులో హైస్కూలు చదువుతోంది. వాళ్ళకు డిజైన్ అండ్ టెక్నాలజీ అని ఒక సబ్జెక్టే ఉందట. బొమ్మ గీస్తారు, చెక్క కోస్తారు, ఎవరి కోసం ఎందుకు చేశారో రాస్తారు, దానికి మార్కులుంటాయి. అలాంటిది మా పిల్లలకూ చెప్పాలని ఆశ. హెచ్‌ఎం గారేమో పదో తరగతి ఫలితాలు దెబ్బతినకుండా చూసుకోమంటారు. మొన్న ఒక అమ్మాయి చేతికి రంపం ఇస్తే మర్నాడు వాళ్ళ నాయన వచ్చి, "పనిలో నుంచి బయట పడాలని బడికి పంపిస్తే మీరు మళ్ళీ పనే చేయిస్తారా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? మార్కులు ఎట్లా వేయాలి? ఏమేం సామాన్లు కొనాలి?
– ఒక సైన్సు టీచరు, అనంతపురం జిల్లా

జవాబు:

టీచర్ గారూ,

గీత మీద నడిచే రోబోలో రెండు సెన్సార్ల మధ్య ఎంత ఎడం ఉండాలో, చక్రం ఎంత పెద్దది కావాలో, మోటారు ఎంత జోరుగా తిరగాలో, ఇవన్నీ ఆ పెట్టె మీ బడికి రాకముందే ఎవరో తేల్చేశారు. మీ పిల్లలకు మిగిలింది బిగించడం. బిగించడంలోనూ చేతికి పని అలవాటవుతుంది, దాన్ని తక్కువ చేయను. కానీ తేల్చుకునే పని వాళ్ళ దాకా రాలేదు. పైగా ఆ రోబోతో మీ ఊళ్ళో ఎవరికీ అవసరం లేదు. అవసరం ఉన్న మనిషి లేకపోతే "ఇది ఇక్కడ సరిగా లేదమ్మా" అని చెప్పేవాళ్ళు కూడా ఉండరు. అందుకే చప్పట్ల తర్వాత అది మళ్ళీ పెట్టెలోకే పోతోంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లలు చేసే ప్రతి వస్తువూ ఊళ్ళో ఉన్న ఫలానా మనిషి కోసం చేయాలి. ఆ మనిషి దాన్ని వాడి చూసి, ఏం బాగాలేదో చెప్పాలి. అప్పుడు పిల్లలు మళ్ళీ చేయాలి. అసలు పాఠం ఆ రెండోసారి చేయడంలో ఉంది. మొదటిసారి చేసి ఆపేస్తే అది ప్రదర్శన మాత్రమే.

మీ ఆడబిడ్డ కూతురు చదివే సబ్జెక్టు కీలకం కూడా ఇదే. ఇంగ్లండులో 1988 విద్యాచట్టంతో జాతీయ పాఠ్యక్రమం వచ్చింది, అందులో 1990 నుంచి డిజైన్ అండ్ టెక్నాలజీ చెప్తున్నారు. పద్నాలుగేళ్ళ దాకా అందరికీ తప్పనిసరి, ఆ తర్వాత ఇష్టమున్నవాళ్ళు తీసుకుంటారు. పదహారేళ్ళ వయసులో రాసే జీసీఎస్‌ఈలో సగం మార్కులు రాత పరీక్షకు, సగం సొంత ప్రాజెక్టుకు. ఆ ప్రాజెక్టులో పరీక్షా బోర్డు "ఈ వస్తువు చెయ్యి" అని చెప్పదు. పరీక్షకు ముందు ఏడాది జూన్ 1న కొన్ని సందర్భాలు మాత్రం ఇస్తుంది. ఆ సందర్భంలో ఎవరికి ఏ ఇబ్బంది ఉందో పిల్లలే కనుక్కోవాలి, గీయాలి, నమూనా చేయాలి, ఆ మనిషికి చూపించి మార్చాలి. అక్కడి వర్క్‌షాపులూ మిషన్లూ మనకు లేవని దిగులు పడకండి. ఆ పద్ధతి అట్టముక్కలతో కూడా నడుస్తుంది. మన దేశంలో పుణె జిల్లా పాబళ్ అనే పల్లెలో డాక్టర్ కల్బాగ్ 1983లో విజ్ఞాన్ ఆశ్రమ్ మొదలుపెట్టారు. వాళ్ళ కార్యక్రమం నడిచే పల్లెటూరి హైస్కూళ్ళలో పిల్లలు వారానికో రోజు ఊరికి పనికొచ్చే వస్తువులు, సేవలు నేర్చుకుంటూ అందులోనే సైన్సు చదువుతారు. ముంబయిలోని హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం కూడా మన బడి పిల్లలతో డిజైన్ పాఠాలు చేయించి చూసింది. కాబట్టి ఇది మనకు కొత్తా కాదు, అందనిదీ కాదు.

ఇక మొదలుపెట్టే చోటు. కళ్యాణదుర్గం అంటున్నారు కాబట్టి మీ చుట్టూ శెనక్కాయ చేలే. విత్తనానికి పెట్టుకున్న కాయల్ని ఎద పెట్టే ముందు చాలా ఇళ్ళలో ఇప్పటికీ చేత్తోనే ఒలుస్తారు. మిషను తొందరగా ఒలుస్తుంది, కాని కొన్ని గింజలు పగులుతాయి, కొన్నిటికి పైపొర లేచిపోతుంది. అట్లాంటి గింజ సరిగ్గా మొలవదు. అందుకని విత్తనం వరకు అవ్వలూ అమ్మలూ కూర్చుని ఒలుస్తారు. బొటనవేలి కొస, చూపుడువేలి పక్క ఎట్లా కందిపోతాయో మీ తరగతిలో సగం మంది పిల్లలకు తెలుసు. తెలిసినా ఇన్నాళ్ళూ దాన్ని చదువుగా ఎవరూ వాళ్ళకు చూపించలేదు.

మొదటి వారం ఏ వస్తువూ చేయించకండి. ఒక్కొక్కరు ఒక్కో అవ్వ పక్కన అరగంట కూర్చోవాలి. తామూ ఒలవాలి, ఊరికే చూస్తూ కూర్చోవడం మర్యాద కాదు. నిమిషానికి ఎన్ని కాయలు ఒలుస్తోంది, ఏ వేలు వాడుతోంది, గట్టి కాయ వస్తే పళ్ళతో కొరుకుతోందా, నేలకేసి నొక్కుతోందా, ఎంతసేపటికి చెయ్యి విదిలించింది, కాళ్ళు ఎట్లా పెట్టుకుని కూర్చుంది, పొట్టు ఎటు పడుతోంది, ఇవన్నీ నోటుబుక్కులో రాయాలి. పిల్లలు రెండో నిమిషంలోనే "మిషను చేద్దాం మేడమ్" అంటారు. ఆ వారం మిషను మాట ఎత్తనివ్వకండి. ఉపాయం ముందే తోచినవాడు చూడటం మానేస్తాడు.

రెండో వారం కొలతలు. మీ ల్యాబులో వెర్నియర్ కాలిపర్సు ఉంటాయి, పరీక్షకు వచ్చే ఇన్‌స్పెక్టరుకు చూపించడం తప్ప వాటికి పెద్దగా పనిపడదు. ఇప్పుడు బయటికి తీయండి. 100 కాయల మందం కొలిచి రాయించండి. తర్వాత ఆ కాయల్లోని గింజల మందం. రెండింటినీ ఒకే గ్రాఫు కాగితం మీద గీయించండి. ఏ రకం ఒలుపుడు సాధనమైనా రెండు తలాల మధ్య కాయను నలపాలి. ఆ సందు కాయ కంటే ఇరుకుగా, గింజ కంటే వెడల్పుగా ఉండాలి. కాని మీ పిల్లల గ్రాఫులో ఒక చిక్కు కనపడుతుంది. చిన్న కాయ మందమూ పెద్ద గింజ మందమూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అంటే ఏ ఒక్క సందుతోనూ అన్ని కాయలూ ఒలవడం కుదరదు. సందు తగ్గిస్తే పెద్ద గింజలు పగులుతాయి, పెంచితే చిన్న కాయలు అట్లాగే జారిపోతాయి. అయితే ముందు జల్లెడ పట్టి కాయల్ని సైజుల వారీగా వేరు చేయాలా, లేక సందు మార్చుకునే వీలు పెట్టాలా? ఈ ప్రశ్న మీరు అడగక్కర్లేదు. గ్రాఫు చూసిన పిల్లల్లో ఎవరో ఒకరు అడుగుతారు. కదిరి-6 కాయలు, కదిరి లేపాక్షి కాయలు రెండూ దొరికితే వేరువేరుగా కొలిపించండి. రెండు గ్రాఫులు పక్కపక్కన పెడితే ఒక రకానికి చేసిన సాధనం ఇంకో రకానికి ఎందుకు పనికిరాదో వాళ్ళకే అర్థమవుతుంది. లెక్కల టీచరును ఈ పీరియడుకు పిలవండి. సగటు, మధ్యగతం, పౌనఃపున్యం ఇంత సూటిగా అవసరపడే చోటు పాఠ్యపుస్తకంలో దొరకదు.

తర్వాత అవ్వ దగ్గరికే వెళ్ళి, సాధనం ఎట్లా ఉంటే వాడుతుందో అడిగి రాసుకోవాలి. నేల మీద కూర్చుని వాడేట్టు ఉండాలంటుంది. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుంటాను, ఒక చెయ్యి ఖాళీగా ఉండాలంటుంది. బరువు వద్దంటుంది. పిల్లలు దానికి తాము పరీక్షించగలిగే ఒక షరతు చేర్చాలి: 100 కాయలు ఒలిస్తే ఎన్ని గింజలు పగిలాయి, ఎన్నిటికి పొర లేచింది. చేత్తో ఒలిచినప్పుడు ఎన్నో కూడా లెక్కపెట్టుకోవాలి. ఆ అంకె లేకుండా ఏది మేలో ఎట్లా తేలుతుంది?

ఇప్పుడు నమూనా. అట్ట, వెదురు బద్దలు, సైకిలు ట్యూబు, పాత డ్రిప్ పైపులు, వడ్రంగి దగ్గర పారేసే చెక్కముక్కలు చాలు. మన జిల్లాలో 16 మిల్లీమీటర్ల డ్రిప్ పైపు ముక్కలకు కొదవ లేదు. ఒక జట్టు పట్టకారు లాంటిది చేస్తుంది. ఒకరు రెండు పలకల మీద రబ్బరు అతికించి మధ్యలో కాయ నలుపుతారు. ఇంకొకరు రోకలి లాంటిది ఏదో చేస్తారు. దారి వాళ్ళదే. అన్నీ అవ్వ ముందు పెట్టండి. ఆమె రెండు కాయలు ఒలిచి చూసి, "దీనికంటే నా చెయ్యే నయం" అనే అవకాశం చాలా ఉంది. పిల్లల ముఖాలు వాడిపోతాయి. మీరు వాళ్ళను ఓదార్చొద్దు, ఆ మాటను ఉన్నదున్నట్టు నోటుబుక్కులో రాయించండి. ఎందుకు నయమో అడిగించండి. కాయ ఎగిరిపోతోందా, రెండు చేతులూ కావాల్సి వస్తోందా, పలక పట్టుకుంటే మణికట్టు నొప్పెడుతోందా? ఆ జవాబులతో రెండో నమూనా మొదలవుతుంది.

రెండోది అయ్యాక మాత్రమే వాళ్ళకు జాక్ బ్రాండిస్ సంగతి చెప్పండి. 2001లో పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశానికి వెళ్ళిన ఈయన అక్కడి ఆడవాళ్ళు వేళ్ళు కందిపోయేలా శెనక్కాయలు ఒలవడం చూసి, తర్వాత చేత్తో తిప్పే ఒక సాధనం చేశాడు. లోపల ఒక శంకువు, బయట దానికి సరిపోయే గుల్ల, రెండూ కాంక్రీటువే. సందు పైన వెడల్పు, కిందికి పోనుపోను ఇరుకు, కాయల సైజును బట్టి సరిచేసుకోవచ్చు. కాంక్రీటే ఎందుకు ఎంచుకున్నాడో, ఇది మన విత్తనానికి పనికొస్తుందో రాదో పిల్లల్ని తేల్చమనండి. తాము తలలు బద్దలు కొట్టుకున్న చిక్కునే ఇంకెవరో ఇంకోలా విప్పారని చూసినప్పుడు వాళ్ళ కళ్ళలో వచ్చే ఆసక్తి వేరు. ముందే చూపిస్తే మళ్ళీ యూట్యూబు రోబో కథే అవుతుంది, నకలు దిగుతుంది. ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం, చీర నేతకు చేత్తో పోగులు చుట్టే (ఆసు పోసే) తల్లి భుజం నొప్పి చూసి, ఆ పని చేసే ఆసు యంత్రం మీద ఏళ్ళ తరబడి పనిచేసి 1999లో కొలిక్కి తెచ్చిన సంగతి కూడా అప్పుడే చెప్పండి. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలకు పద్మశ్రీ కంటే, ఆ మధ్య ఏళ్ళలో ఎన్ని నమూనాలు పక్కన పడేసి ఉంటాడన్న ఆలోచన రావాలి.

ఇప్పుడు ఆ నాయన అడిగిన మాట. దాన్ని తోసిపుచ్చకండి, ఆయన భయానికి వేరు ఉంది. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీం ప్రతిపాదించారు, చేతివృత్తి ద్వారానే చదువు అన్నారు. 1964–66 కొఠారీ కమిషన్ పని అనుభవం అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజోపయోగ ఉత్పాదక కృషి అంది. కాగితం మీద అన్నీ గొప్ప ఆలోచనలే. చాలా బడుల్లో మాత్రం అవి చెట్లకు నీళ్ళు పోయడం, ఆవరణ ఊడ్వడం దగ్గర ఆగిపోయాయి. చీపురు ఎవరి పిల్లల చేతికి వెళ్ళిందో ఊళ్ళో అందరికీ తెలుసు. తరతరాలుగా ఒళ్ళు హూనం చేసుకుని, బిడ్డను ఆ బరువు నుంచి తప్పించాలనుకునే తండ్రి బడిలో రంపం చూస్తే ఉలిక్కిపడడా?

ఆయన ఇంటికి వెళ్ళండి. వాదించడానికి వద్దు, ఆ అమ్మాయి నోటుబుక్కు తీసుకుని వెళ్ళండి. 100 కాయల గ్రాఫు, మూడు వైపుల నుంచి గీసిన బొమ్మ, "సందు ఇంత పెడితే ఇన్ని గింజలు పగిలాయి" అని ఆమె రాసుకున్న పట్టిక చూపించండి. కూలి పనిలో ఏం చేయాలో ఇంకొకరు చెప్తారు, ఇక్కడ మీ అమ్మాయే చెప్తోందనండి. ఊరి పెద్దల పిల్లలూ టీచర్ల పిల్లలూ ఇదే పని చేస్తున్నారని చెప్పండి, అది నిజం కూడా అయ్యేట్టు చూసుకోండి. మీరూ వాళ్ళ ముందు రంపం పట్టండి. పది తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరినా, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి వెళ్ళినా ఇంజినీరు చేసే పని ఇదేనని చెప్తే ఆయనకు అర్థమవుతుంది. సీటు వస్తుందని మాత్రం హామీ ఇవ్వకండి.

ఇదే గౌరవం ఊరి పనివాళ్ళకూ దక్కాలి. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు సంచీ లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు లాంటి స్థానిక నిపుణుల దగ్గర నేర్చుకోవాలని ఉంది. దాన్ని ఆసరా చేసుకోండి. వడ్రంగి ఆచారిని బెంచీ బాగుచేయడానికి పిలిచినట్టు వరండాలో నిలబెట్టొద్దు. కుర్చీ వేయండి, బోర్డు దగ్గరికి పిలవండి, ఆ రోజు కూలి పోకుండా డబ్బులివ్వండి. విత్తనాలు వేసే పాత గొర్రు ఒకటి తెప్పించి, జడ్డిగంలోంచి (గింజలు పోసే చెక్క గిన్నెలోంచి) గింజలు అన్ని సాళ్ళకూ సమంగా ఎట్లా పడతాయో, సాళ్ళ ఎడం మార్చాలంటే ఏం చేసేవాళ్ళో ఆయన చేతే చెప్పించండి. ఆ గొర్రును పిల్లలు ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి కొలతలతో గీస్తే అది మొత్తం ఒక నెల పాఠం. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులను పిలవగలిగితే ఇంకా మంచిది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ మోచెయ్యి, మోకాలు ఎక్కడ ముడివేస్తే ఎంత కదులుతుందో చూడటం కన్నా మంచి యాంత్రిక పాఠం నాకు తెలియదు.

అమ్మాయిల విషయంలో ఒక్క నియమం గట్టిగా పెట్టుకోండి. జట్టులో పనులు వారం వారం మారాలి: ఈ వారం కోసినవాళ్ళు వచ్చే వారం రాస్తారు, రాసినవాళ్ళు కొలుస్తారు. మీరు పట్టించుకోకపోతే నాలుగో వారానికల్లా రంపం, సుత్తి అబ్బాయిల చేతిలో, స్కెచ్ పెన్నులు అమ్మాయిల చేతిలో స్థిరపడిపోతాయి. అట్లా చూసిన బడులే ఎక్కువ. ఇందులో సర్దుకుపోవద్దు.

మీ కిట్లు వృథా కావు. అవసరం ముందు వచ్చి, కిట్టు తర్వాత రావాలి, అంతే. బడి మిద్దె మీది ట్యాంకు నిండి పొర్లిపోతోందనుకుందాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లాలో అది చిన్న విషయం కాదు. ముందు ఆర్డ్యునో (ప్రోగ్రాముతో నడిచే చిన్న సర్క్యూటు బోర్డు) లేకుండా చేయమనండి: రెండు తీగలు, బ్యాటరీ, బజరు. నీళ్ళు తగిలితే మోగాలి. నీటి గుండా పోయే కరెంటు బజరును మోగించేంత ఉండదు, చిన్న కరెంటును పెంచే ట్రాన్సిస్టరు ఎందుకో అక్కడ తెలుస్తుంది. మోగుతుంది, సంబరపడతారు. కొన్నాళ్ళకు మోగదు. తీసి చూస్తే తీగ కొసలు నల్లబడి, తెల్లగా పొర కట్టి ఉంటాయి. మన బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ, కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కున పారుతుంటే తీగ తినేస్తుంది. అప్పుడు తీగ నీళ్ళను తాకని ఉపాయం వెతుకుతారు. తేలే డబ్బా, దానికో కడ్డీ, పైన స్విచ్చి. ఆ తర్వాత "మోటారు దానంతటదే ఆగితే బాగుండు" అన్న కోరిక వస్తుంది. ఆర్డ్యునో పెట్టె తెరవాల్సింది అప్పుడు. మోటారు వైపు 230 వోల్టుల జోలికి మాత్రం పిల్లలు వెళ్ళకూడదు, వాళ్ళ పని 12 వోల్టుల లోపే. ప్రోగ్రాము అంటే ఏమిటో అర్థం కాని పిల్లలను ధర్మవరం తీసుకెళ్ళి జకార్డు మగ్గం చూపించండి. అట్టలో రంధ్రం ఉన్న చోట కొక్కెం ఒకలా, లేని చోట ఇంకోలా కదిలి, ఏ పోగు లేవాలో తేలుస్తుంది. అట్టల వరుస మారిస్తే పూవు మారుతుంది. త్రీడీ ప్రింటరు ఉంటే తాళాల గొలుసులకు పేర్లు అచ్చు వేయించడం ఆపి, పగిలిన దేనికైనా కొలిచి గీసిన చిన్న భాగం చేయించండి.

మార్కుల సంగతి. పదికి లెక్క వేస్తే, చూసి రాసినదానికి 3, కొలతలతో గీసిన బొమ్మలకు 2, మొదటి నమూనాకు 1, వాడిన మనిషి చెప్పింది విని రెండోసారి మార్చినదానికి 4 ఇస్తాను. నునుపుకు, రంగుకు ఏమీ ఇవ్వను. ఇంట్లో వడ్రంగి ఉన్నవాడిదీ, అనంతపురంలో సైన్స్ ఫేరు కోసం థర్మోకోల్ బొమ్మ కొనుక్కొచ్చినవాడిదీ ఎప్పుడూ నునుపుగానే ఉంటుంది. రెండో నమూనా కూడా పనిచేయలేదు, ఎందుకు చేయలేదో కొలతలతో రాశారు, అయితే నాలుగుకు నాలుగూ ఇవ్వండి. నోటుబుక్కులో పేజీలు చింపకూడదు, కొట్టేసిన బొమ్మ కూడా ఉండాలి. ఫార్మేటివ్ మూల్యాంకనంలో ప్రాజెక్టు పని అనే పద్దు మన రాష్ట్రంలో చాలాకాలంగా ఉన్నదే, ఈ మార్కులను అక్కడ వాడుకోవచ్చు. బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు ఆలోచనలు పంపేటప్పుడు కూడా ఈ నోటుబుక్కుల్లోంచే ఏరండి. ఎంపికైతే పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. ఆ డబ్బు కోసం పెద్దవాళ్ళు ఆలోచన రాసిచ్చి పిల్లల పేరు పెట్టే అలవాటు మీ బడిలోకి రానివ్వకండి.

హెచ్‌ఎం గారితో వాదన పెట్టుకోవద్దు. పదో తరగతిని అసలు ముట్టుకోకండి. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారంలో ఒకసారి రెండు పీరియడ్లు వరసగా అడగండి. విడివిడిగా రెండిస్తే సామాను తీసి సర్దడంతోనే సరిపోతుంది. ఘర్షణ, బలం, పని, శక్తి ఈ రెండేళ్ళలోనే వస్తాయి కాబట్టి పాఠం వెనకబడదు. అరసంవత్సరానికి ఒక్క ప్రాజెక్టు చాలు, ఎక్కువ పెట్టుకుంటే రెండోసారి చేసే సమయం ఉండదు.

సామాన్లలో ముందు చేతి పనిముట్లు కొనండి. అటల్ ల్యాబ్‌కు ఇచ్చే 20 లక్షల్లో సగం ల్యాబు పెట్టడానికి, మిగతా సగం నిర్వహణకు అని మీకు తెలుసు. నిర్వహణ డబ్బులో వీటికి వీలుందేమో నిబంధనలు చూసుకోండి. లేకపోయినా ఇవి ఖరీదైనవి కావు. చిన్న పళ్ళ రంపాలు, మూలమట్టాలు, ఆకురాళ్ళు, రంధ్రాలు చేయడానికి చేత్తో తిప్పే బరమా, స్టీలు స్కేళ్ళు, కటింగ్ ప్లయర్లు, బల్లకు బిగించే క్లాంపులు. క్లాంపుల దగ్గర పిసినారితనం వద్దు. ఎడమచేత్తో చెక్క పట్టుకుని కుడిచేత్తో కోయడం వల్లే వేళ్ళు తెగుతాయి. కళ్ళద్దాలు జట్టుకు సరిపడా ఉండాలి. చున్నీ వెనక్కి ముడి, జడ పైకి, రంపం దగ్గర ఒక్కరే. గోడకు పలక కొట్టి ప్రతి పనిముట్టు ఆకారం దాని మీద రంగుతో గీయించండి, గంట కొట్టాక ఏది రాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది. సోల్డరింగు కిటికీ పక్కన, చేయి కడుక్కున్నాకే మధ్యాహ్న భోజనానికి.

ఒక్క విషయంలో తొందరపడాలి. విత్తనాలు ఒలిచే పని వానలకు ముందే, మే, జూన్ నెలల్లో అయిపోతుంది. బడి జూన్ రెండో వారంలో గానీ తెరవరు. అప్పుడు మొదలుపెడితే చూడాల్సిన పని చేజారిపోతుంది. కాబట్టి ఏప్రిల్‌లో సెలవులు ఇచ్చే ముందే ఎనిమిది, తొమ్మిది తరగతులకు వెళ్ళబోయే పిల్లలకు తలా ఒక నోటుబుక్కు ఇచ్చి, వేసవి పనిగా అవ్వ పక్కన కూర్చుని రాసుకురమ్మనండి. రకం పేరు అడిగి రాసిన పొట్లంలో ఒలవని కాయలు 100 దాచుకుని రమ్మనండి. బడి తెరిచిన మొదటి జంట పీరియడ్లలోనే కాలిపర్సు పని పెట్టుకోవచ్చు.